శివరాత్రిలోపే సిద్ధం కావాలి: హైదరాబాద్‌లో పెద్ద భవనాల ఏసీ ప్లాంటును కాలానికి తగ్గట్టు తయారు చేసుకునే పద్ధతి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దవాళ్లు అంటారు. హైదరాబాద్‌లో ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్ల నిర్వహణ చూసేవాళ్లు ఆ పండగనే గడువుగా పెట్టుకోవాలి. ఫిబ్రవరి చివరికే మధ్యాహ్నాలు 35 డిగ్రీలు దాటుతున్న రోజులు చూస్తున్నాం. ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి ఊళ్లో ప్రతి సర్వీసు టెక్నీషియన్ చేతిలో పాతిక కంప్లయింట్లు ఉంటాయి. అప్పుడు మన ఫోను ఎత్తేవాళ్లు ఉండరు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. బేగంపేట వైపు ఒక ఆరంతస్తుల ఆఫీసు భవనం నా చేతిలో ఉన్న రోజుల్లో, ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు చిల్లర్ (భవనమంతటికీ నీటిని చల్లబరిచి పంపే పెద్ద యంత్రం) హై ప్రెషర్ మీద ట్రిప్ అయింది, అంటే తనంతట తాను ఆగిపోయింది. రీసెట్ చేస్తే ఇరవై నిమిషాలు నడిచి మళ్లీ పడిపోయింది. వచ్చిన టెక్నీషియన్ గ్యాస్ తక్కువైందన్నాడు, గ్యాస్ ఎక్కించాడు, సమస్య ఇంకా పెరిగింది. మర్నాడు కండెన్సర్ (గ్యాస్ తన వేడిని వదిలే భాగం) మూత విప్పి చూస్తే ట్యూబుల నిండా సున్నంలా గట్టిపడిన పొర. అంతకుముందు ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ నీళ్లకు మారాం. నీళ్లు మారినా పొర కట్టకుండా నీటిలో కలిపే మందు మోతాదు మార్చలేదు. నాలుగు రోజులు నాలుగు అంతస్తుల జనం ఉక్కపోతలో పనిచేశారు. ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదనే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

మొదటి పని: బ్రష్షు పట్టుకునే ముందు రీడింగులు

సంక్రాంతి సెలవులు అయిపోగానే ఒక రోజు ప్లాంటును వీలైనంత లోడు మీద నడపండి. మధ్యాహ్నం మూడు గంటలకు లాగ్‌బుక్కులో ఇవి రాసుకోండి: బయటి ఉష్ణోగ్రత, చిల్డ్ వాటర్ (చిల్లర్ చల్లబరిచిన నీరు) వెళ్లేటప్పుడు ఎంత, తిరిగొచ్చేటప్పుడు ఎంత, కండెన్సర్ నీరు లోపలికి ఎంత, బయటికి ఎంత, గ్యాస్ ప్రెషర్లు, మూడు ఫేజుల వోల్టేజి, కంప్రెసర్ ఆంపియర్లు. స్ప్లిట్, కాసెట్, డక్టబుల్ యూనిట్లయితే గాలి లోపలికి పోయే గ్రిల్ దగ్గర ఒక రీడింగు, చల్లగాలి వచ్చే చోట ఒక రీడింగు చాలు. రెండింటికీ 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటే యూనిట్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆరు డిగ్రీలే ఉంటే దాని పేరు ఎర్ర ఇంకుతో రాసుకోండి.

నీటితో చల్లబడే చిల్లర్లలో అన్నిటికంటే విలువైన అంకె ఒకటుంది. గ్యాస్ ఏ ఉష్ణోగ్రత దగ్గర ద్రవమవుతోందో చూడండి, అందులోంచి కండెన్సర్ దాటి బయటికొస్తున్న నీటి ఉష్ణోగ్రతను తీసేయండి. దీన్ని అప్రోచ్ అంటారు. శుభ్రమైన కండెన్సర్‌లో ఇది ఒకటి రెండు డిగ్రీలే ఉంటుంది. మూడు దాటిందంటే ట్యూబుల్లో పొర పడుతోందని అర్థం. ఈ అంకెను వారానికోసారి రాసుకుంటూ ఉంటే చిల్లర్ ట్రిప్ కావడానికి చాలా ముందే హెచ్చరిక దొరుకుతుంది. మా భవనంలో అప్పుడు ఈ అంకెను ఎవరూ రాయలేదు.

జనవరి రీడింగును కిందటి జనవరితోనే పోల్చాలి. ఏప్రిల్‌తో పోలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

రెండో పని: నీళ్ల లెక్క

హైదరాబాద్ ప్లాంట్లకు ఎండ కంటే నీళ్లే పెద్ద శత్రువు. రాతి నేలలోంచి వచ్చే మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ట్యాంకర్ నీళ్లయితే ఇవాళ ఒక రకం, రేపు ఇంకో రకం.

ఒక లెక్క చెప్తాను. ఒక టన్ను లోడుకు కూలింగ్ టవర్‌లో (కండెన్సర్ నుంచి వచ్చే వేడి నీటిని గాలితో చల్లబరిచే చోటు) గంటకు సుమారు ఆరున్నర లీటర్ల నీరు ఆవిరైపోతుంది. 200 టన్నుల చిల్లర్ పూర్తి లోడు మీద 10 గంటలు నడిస్తే 13 వేల లీటర్లు గాలిలో కలుస్తాయి. నీరు పోతుంది కానీ అందులోని లవణాలు టవర్ అడుగు తొట్టి అయిన బేసిన్‌లోనే మిగిలిపోతాయి. అందుకే కొంత చిక్కటి నీటిని బయటికి వదిలి కొత్త నీరు నింపుతుంటాం. అదే బ్లోడౌన్. వచ్చే నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 800 అనుకోండి, టవర్‌లో దాన్ని మూడింతల దాకా, అంటే 2,400 దాకా చిక్కబడనిస్తే రోజుకు ఇంకో ఆరున్నర వేల లీటర్లు బ్లోడౌన్‌కు కావాలి. మొత్తం 19,500 లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు. నీళ్ల ఖర్చుకు భయపడి బ్లోడౌన్ వాల్వు మూసేసిన భవనాలను నేను చూశాను. ఆ మిగిల్చుకున్న డబ్బు కరెంటు బిల్లులో, ఆ తర్వాత కండెన్సర్ రిపేరులో అంతకంత పోతుంది.

జనవరిలో చేయాల్సినవి ఇవి. బోరు, ట్యాంకర్, జలమండలి నీరు వేర్వేరుగా ల్యాబుకు పంపి టీడీఎస్, హార్డ్‌నెస్, పీహెచ్ తెలుసుకోండి. వాటర్ ట్రీట్‌మెంట్ చూసేవాళ్లను ఆ రిపోర్టు ముందు కూర్చోబెట్టి మోతాదు లెక్క రాసివ్వమనండి. నీటి వనరు మారిన రోజు తమకు ఫోను చేయాలని వాళ్లు, చేస్తామని మీరు ఒప్పుకోవాలి.

తర్వాత కండెన్సర్ రెండు వైపులా మూతలు విప్పండి. మెత్తటి బురద, పాచి అయితే నైలాన్ బ్రష్షుతో ఒక్కో ట్యూబు తోమితే పోతుంది. గట్టి సున్నం పొర బ్రష్షుకు లొంగదు, దానికి డీస్కేలింగ్ కెమికల్ తిప్పాలి. రాగి ట్యూబులకు పనికొచ్చే, లోహాన్ని తినకుండా ఆపే మందు కలిసిన కెమికలే వాడాలి. పని అయ్యాక ఆ నీటి ఆమ్లగుణం పోగొట్టిన తర్వాతే బయటికి వదలాలి, వాన నీటి కాలువలోకి మాత్రం వద్దు. మామూలు యాసిడ్ బకెట్‌తో వచ్చే మనిషిని గేటు దగ్గరే ఆపేయండి.

కూలింగ్ టవర్ బేసిన్ ఖాళీ చేసి బురద ఎత్తండి. నాజిళ్లు పూడిపోతే నీరు ఒక పక్కనే పడుతుంది, సగం టవర్ ఊరికే ఉంటుంది. ఫిల్స్ (నీటిని పల్చగా పరిచే పలకలు) మీద తెల్లటి పొర, చిరిగిన డ్రిఫ్ట్ ఎలిమినేటర్లు (తుంపర బయటికి పోకుండా ఆపేవి), ఫ్లోట్ వాల్వు, ఫ్యాన్ బెల్టు లేదా గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. తిరిగి నింపాక క్లోరిన్‌తో శుద్ధి చేసి ఆ తర్వాతే ఫ్యాన్ తిప్పండి. లీజియోనెల్లా అనే బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల నీటిలో పెరుగుతుంది, సన్నటి తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి తీవ్రమైన న్యుమోనియా తెస్తుంది. టవర్ కడిగే కుర్రాడికి మంచి మాస్కు ఇవ్వడం మన బాధ్యత. బట్ట కట్టుకుంటే చాలదు.

ఇక్కడ ఒక మాట. ఎండాకాలంలో టవర్ నీరు చల్లబడకపోతే అందరూ ఎండను తిడతారు. అది పొరపాటు. టవర్ గాలి వేడిని బట్టి పనిచేయదు, గాలి ఎంత పొడిగా ఉందో దాన్ని బట్టి పనిచేస్తుంది. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు ఉన్నా తేమ 20 శాతమే ఉంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (ఆవిరవుతూ నీరు చల్లబడగల హద్దు) 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. జులైలో 30 డిగ్రీలే ఉన్నా తేమ 80 శాతం ఉంటే అది 27 డిగ్రీలు. అంటే శుభ్రంగా ఉన్న టవర్ జులై కంటే ఏప్రిల్‌లోనే చల్లటి నీరు ఇవ్వగలదు. మన దక్కన్ పొడి ఎండలో టవర్ నుంచి వేడి నీరు వస్తోందంటే లోపం టవర్‌లోనో, నీళ్లలోనో వెతకండి.

మూడో పని: డాబా మీది అవుట్‌డోర్ యూనిట్లు

గాలితో చల్లబడే చిల్లర్లు, వీఆర్ఎఫ్ (ఒకే అవుట్‌డోర్ యూనిట్‌తో చాలా గదులను చల్లబరిచే ఏసీలు), స్ప్లిట్ల అవుట్‌డోర్ యూనిట్ల కష్టం వేరు. నార్సింగి, కోకాపేట, గచ్చిబౌలి వైపు కట్టడాల దుమ్ము, ఊరంతా పావురాలు. గూడు, ఈకలు, రెట్టలు ఫిన్స్ (కాయిల్ మీది పల్చటి రేకులు) మధ్య పేరుకుని గట్టిపడతాయి. ఎండిన రెట్టను పొడిగా గీకితే ఆ దుమ్ము పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బులు రావచ్చు. ముందు తడిపి, నానబెట్టి, మాస్కుతో తీయాలి. తర్వాత వల కట్టండి, గాలికి అడ్డం కాకుండా.

కాయిల్ కడిగే క్రమం: ఐసొలేటర్ (యూనిట్‌కు కరెంటు పూర్తిగా తీసే స్విచ్) ఆపి తాళం వేసి, తాళం చెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. పైదుమ్మును మెత్తటి బ్రష్షుతో ఫిన్స్ వెంట, నిలువుగా తీయాలి. తర్వాత తక్కువ ప్రెషర్ నీటితో లోపలి నుంచి బయటికి కడగాలి. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. కార్లు కడిగే ప్రెషర్ గన్ పెడితే ఫిన్స్ వంగిపోయి గాలి ఆగిపోతుంది. వంగినవాటిని ఫిన్ దువ్వెనతో సరిచేయండి.

గాలి దారి కూడా చూడండి. యూనిట్ వదిలే వేడిగాలి గోడకో, ఫ్లెక్సీకో, పై రేకుకో తగిలి తిరిగి అదే యూనిట్‌లోకి వస్తే కొత్త మెషిన్ అయినా ట్రిప్ అవుతుంది. మే నెలలో కొందరు కాయిల్ మీద బోరు నీళ్లు చల్లిస్తారు. ఆ పూట ఉపశమనం ఉంటుంది, నెల తిరిగేసరికి ఫిన్స్ మీద సున్నం పూత పడుతుంది. నా మాట వినండి, వద్దు.

నాలుగో పని: లోపలి గాలి

ఇది త్వరగా అయ్యే పని, వాయిదా పడేదీ ఇదే. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి పంపే యూనిట్) ఫిల్టర్లు కడిగి పూర్తిగా ఆరాకే బిగించండి. చిరిగినవి పారేయండి. బెల్టులు పగిలితే సెట్టు మొత్తం మార్చండి, ఒక్కటే మారిస్తే కొత్తది మొత్తం బరువు మోస్తుంది. బేరింగులకు గ్రీజు కొలత ప్రకారమే పెట్టండి, ఎక్కువైనా చెడుపే. కూలింగ్ కాయిల్‌కు యాసిడ్ లేని క్లీనర్ వాడండి. డ్రెయిన్ ట్రేలో ఒక మగ్గు నీళ్లు పోసి పైపు చివర వస్తున్నాయో లేదో చూడండి.

అయిదో పని: గ్యాస్

"ప్రతి ఎండాకాలం గ్యాస్ వేయిస్తాం" అని గర్వంగా చెప్పే భవనాలు ఉన్నాయి. గ్యాస్ వాడితే అరిగిపోయే సరుకు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. జాయింట్ల దగ్గర నూనె మరకలు వెతకండి, నైట్రోజన్ నింపి సబ్బు నురుగుతో పరీక్షించండి. లీకు మూశాక వాక్యూమ్ పంపును 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) దాకా నడిపి, నేమ్‌ప్లేట్ మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి ఎక్కించాలి. చేత్తో పైపు ముట్టుకుని చాలనుకునే పద్ధతి ఇప్పటి మెషిన్లకు పనికిరాదు. ఆర్-32 అనే గ్యాస్ ఉన్న యూనిట్లలో ఇంకో జాగ్రత్త ఉంది. అది కొద్దిగా మండే గ్యాస్, మొత్తం తీసేసి గాలి ఆడేలా చేశాకే బ్రేజింగ్ మంట వెలిగించాలి.

ఆర్-22 అనే పాత రకం గ్యాస్ మీద నడిచే యూనిట్లు అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ భవనాల్లో ఇంకా ఉన్నాయి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశాలు దీని తయారీ, వాడకాన్ని 2030 నాటికి దాదాపు ఆపేయాలి. అలాంటి యూనిట్‌లో కాయిల్ పోతే రిపేరుకు పెట్టే డబ్బును కొత్త మెషిన్ వైపు మళ్లించమని యజమానికి గట్టిగా చెప్పండి.

ఆరో పని: కరెంటు, ఆ తర్వాత ట్రయల్

వేడికి ముందు పోయేవి కెపాసిటర్లు, కాంటాక్టర్లు, వదులైన లగ్గులు. కెపాసిటర్ మైక్రోఫారడ్ కొలిచి, అంకె పడిపోయినవి మార్చేయండి. కాలిన కాంటాక్టర్ పాయింట్లను గీకి మళ్లీ వాడొద్దు. లోడు మీద ప్యానెల్‌ను థర్మల్ కెమెరాతో చూస్తే వదులు కనెక్షన్ వెంటనే తెలిసిపోతుంది. మోటార్లకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే సాధనం) వేసి, ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే స్టార్ట్ చేయకండి. ఇన్వర్టర్ యూనిట్లలో బోర్డు విడదీయకుండా మెగ్గర్ వేస్తే బోర్డు కాలిపోతుంది. ఫేజుల మధ్య వోల్టేజి తేడా రెండు శాతం దాటితే మోటారు లోలోపల వేడెక్కుతుంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

చాలాకాలం ఆగిన చిల్లర్‌ను స్టార్ట్ చేసే 24 గంటల ముందే క్రాంక్‌కేస్ హీటర్ (కంప్రెసర్ నూనెను వేడి చేసేది) వేయండి. నూనెలో కలిసిన గ్యాస్ విడిపోవడానికి ఆ సమయం కావాలి. తర్వాత వరస తప్పకూడదు: వాల్వులు తెరిచి, చిల్డ్ వాటర్ పంపు, కండెన్సర్ పంపు, టవర్ ఫ్యాన్, ఫ్లో స్విచ్ (నీరు పారుతోందో లేదో చెప్పేది) పనిచేస్తోందన్న రుజువు, అప్పుడే కంప్రెసర్. రెండు గంటలు నడిచాక మొదటి రోజు రాసిన రీడింగులన్నీ మళ్లీ తీసి పక్కపక్కన రాయండి. బిల్లు మీద సంతకం ఆ తేడా చూశాకే.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న భవనాల్లో పొద్దున తొమ్మిదికి అన్నీ ఒకేసారి వేస్తే గరిష్ఠ డిమాండ్ సీఎండీ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న పరిమితి) దాటి అదనపు బిల్లు పడుతుంది. చల్లగా ఉండగానే ఏడింటికి మొదలుపెట్టి, పది నిమిషాల తేడాతో ఒక్కొక్కటి వేయండి. గదిలో 24 డిగ్రీలు చాలు. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు 24 దగ్గర డిఫాల్ట్‌గా ఉండేలా నిబంధన వచ్చింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది.

మిరుగు (మృగశిర కార్తె) ముందు

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ పగిలే ఎండల్లోనే వానాకాలం పని చేసుకోవాలి. నిజానికి ఏప్రిల్ నుంచే సాయంత్రం గాలివానలు వస్తాయి. టవర్ ప్యానెళ్లు, డాబా మీది రేకులు, డక్టు మూతలు బోల్టులతో బిగించి ఉన్నాయో చూడండి. ఎర్త్ పిట్లు కొలిపించండి, సర్జ్ ప్రొటెక్టర్ల దీపం రంగు చూడండి. డాబా మీది ప్యానెళ్ల గాస్కెట్లు, కేబుల్ దూరే చోట్లు నీరు దిగకుండా మూయండి.

ప్లాంట్ రూమ్ బేస్‌మెంట్‌లో ఉంటే 2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన గుర్తు చేసుకోండి. నీళ్లు తోడే పంపును ఇప్పుడే నీళ్లు పోసి నడిపి చూడండి, అది జనరేటర్ లైను మీద ఉందో లేదో కూడా. వరద వచ్చిన రాత్రే కరెంటు పోతుంది.

వానలు మొదలయ్యాక సమస్య వేడి కాదు, తేమ. డిఫ్యూజర్ల (సీలింగ్‌లో చల్లగాలి వచ్చే జాలీలు) నుంచి బొట్లు, సీలింగ్ మీద మరకలు, సోమవారం పొద్దున తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. చాలామంది అప్పుడు సెట్టింగ్ 20కి దించుతారు, దాంతో చల్లబడిన లోహం మీద ఇంకా చెమ్మ పడుతుంది. చేయాల్సింది వేరే. ఎండాకాలంలో కరెంటు ఆదా కోసం చిల్డ్ వాటర్‌ను 9 డిగ్రీలకు పెంచి ఉంటే తిరిగి 7కి తేవాలి. తేమను కాయిల్ మీద రాల్చేది ఆ చల్లదనమే. చిరిగిన ఇన్సులేషన్ జాయింట్లను టేపుతో గాలి దూరకుండా మూయాలి. డ్రెయిన్‌కు తగినంత లోతున్న యూ-ట్రాప్ (నీరు నిలిచే పైపు వంపు) ఉండాలి, లేకపోతే ఫ్యాన్ పీల్పుకు నీరు ట్రేలోనే నిలిచి పొర్లుతుంది. రాత్రి చిల్లర్ ఆపి ఫ్యాన్లు మాత్రం తిప్పితే ట్రేలోని తడంతా తిరిగి గదుల్లోకే చేరుతుంది, రెండూ కలిపి ఆపండి. తేమ 60 శాతం లోపు ఉంటే బూజు అదుపులో ఉంటుంది. బయటి గాలి డ్యాంపర్‌ను మాత్రం పూర్తిగా మూయకండి, కూర్చున్న మనుషులకు ఊపిరాడాలి కదా.

హైదరాబాద్‌లో హీటర్ల అవసరం అసలు ఈ కాలంలోనే ఎక్కువ. ఆపరేషన్ థియేటర్లలో తేమ తీయడానికి గాలిని బాగా చల్లార్చి, తర్వాత కొంచెం వేడి చేసి లోపలికి పంపుతారు. ఆ డక్టు హీటర్లు ఏడాదిలో చాలా నెలలు దుమ్ము పట్టి ఉంటాయి. మొదటిసారి వేసే ముందు దుమ్ము తీయండి. ఫ్యాన్ ఆగితే హీటర్ తనంతట తాను ఆగుతోందా, ఓవర్‌హీట్ కటౌట్ పనిచేస్తోందా, రెండూ నిజంగా ఆపి చూసి నిర్ధారించుకోండి. అగ్ని ప్రమాదం పొంచి ఉండే చోటు అది.

దసరా తర్వాత

నవంబర్ నుంచి ఉదయపు గాలి చల్లగా ఉంటుంది. ఏహెచ్‌యూలకు పెద్ద ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ ఉంటే చిల్లర్ లేకుండానే పది గంటల దాకా నెట్టుకురావచ్చు. హైటెక్ సిటీ దగ్గర 2004లో మొదలైన సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో ఏహెచ్‌యూలకు వెళ్లే గాలిని ముందే చల్లబరిచే విండ్ టవర్లు కట్టారు. మన ఊరి గాలిని వాడుకోవాలనుకునే ఇంజినీరు ఒకసారి వెళ్లి చూడదగ్గ భవనం. అయితే చలికాలంలో పొగ, దుమ్ము కిందనే నిలుస్తాయి కాబట్టి ఫిల్టర్లు మంచివి వేసి, వాటిని తరచుగా చూడండి.

డిసెంబర్ సూర్యుడు కిందుగా ఉండి దక్షిణం అద్దాల్లోంచి లోపలిదాకా వస్తాడు. దక్షిణం వైపు వాళ్లు వేడంటారు, ఉత్తరం వైపు వాళ్లు శాలువా కప్పుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రెండు వైపులా డ్యాంపర్లను విడిగా సర్దండి, దక్షిణం వైపు బ్లైండ్లు దించండి.

హోటళ్లు, ఆసుపత్రుల్లో వేడినీళ్ల ఏర్పాటు అక్టోబర్‌లోనే చూసుకోవాలి. హీట్ పంపుల కాయిల్ కడగడం, సోలార్ ప్యానెళ్ల సున్నం తీయడం, ట్యాంకు అడుగు బురద వదలడం. ట్యాంకులో నీరు 60 డిగ్రీలు ఉండాలి, లీజియోనెల్లా భయం ఇక్కడా ఉంది. కుళాయి దగ్గర ఒళ్లు కాలకుండా మిక్సింగ్ వాల్వు ఉండాలి. ఆవిరి బాయిలర్ ఉంటే సేఫ్టీ వాల్వు పరీక్ష, బాయిలర్ల శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ గడువు చూడండి.

ఆగిన చిల్లర్‌లో నీరు కదలకుండా నెలల తరబడి ఉంటే ట్యూబులను లోపలి నుంచి తినేస్తుంది. ఆ నీటిని పూర్తిగా బయటికి వదిలి ఆరబెట్టండి, లేదా మందు వేసి వారానికి రెండుసార్లు పంపు తిప్పండి.

డిసెంబర్ మొదటి వారంలో ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కొత్తగా రాసుకునేటప్పుడు "సంవత్సరానికి నాలుగు సర్వీసులు" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవద్దు. మొదటి సర్వీసు ఫిబ్రవరి 15 లోపు అని తేదీ వేయించండి. సర్వీసుకు ముందు, తర్వాత రీడింగులు రాసివ్వాలని, లీకు మూయకుండా గ్యాస్ ఎక్కించకూడదని, ఏప్రిల్, మే నెలల్లో ఫోను చేసిన నాలుగు గంటల్లో మనిషి రావాలని రాయించండి. బెల్టులు, కెపాసిటర్లు, కాంటాక్టర్లు, ఫ్లోట్ వాల్వు ఒక్కో సెట్టు ప్లాంట్ రూమ్ బీరువాలో ఉంచుకుని, జాబితాను తలుపు లోపలి వైపు అంటించండి. రాత్రి షిఫ్టు మనిషికి ఆ బీరువా తాళం ఎక్కడుందో తెలియాలి.